రుద్దితే పోని మరక



ఉగాదికి ముందు వారం శ్రీశైలంలో తెల్లవారుజాము నాలుగింటికే ఊరు లేస్తుంది. కర్ణాటక నుంచి, ఇటు ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి కాలినడకన బయల్దేరిన భక్తులు ఆత్మకూరు దాటి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి, కైలాసద్వారం దగ్గర మెట్లెక్కి క్షేత్రానికి చేరుకుంటారు. కాళ్ళకు బొబ్బలెక్కి వచ్చేవాళ్ళ కోసం దారి పొడుగునా వైద్య శిబిరాలు పెడతారు. పళ్ళ డాక్టర్‌ని కాబట్టి అక్కడ నాతో పెద్దగా పని ఉండదనుకుంటూనే ఒక ఏడాది అలాంటి శిబిరానికి వెళ్ళాను. తెల్లారేసరికే పని దొరికింది.

ముందు రోజు రాత్రి ఎవరో అన్నం వండుకుని వదిలేసిన మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఒక రైతు కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఆరిపోయిన బొగ్గు ఒకటి తీసి, బండ మీద పెట్టి రాయితో నూరాడు. ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని చూపుడు వేలితో పళ్ళ మీద అటూ ఇటూ, రంపం కోసినట్టు రుద్దుతున్నాడు. పక్కన నిలబడితే కసకస చప్పుడు వినిపించింది. ఐదు నిమిషాలు అయినా ఆపలేదు. చివరికి చెంబు నీళ్ళు పుక్కిలించాడు. నోట్లో నీళ్ళు పడగానే కళ్ళు గట్టిగా మూసుకుని చెంప పట్టుకున్నాడు.

"చల్లనీళ్ళు తగిల్తే పండ్లు జివ్వుమంటాయి సార్. రెండేండ్ల నుంచి ఇట్లే ఉంది" అన్నాడు నేనెవరో తెలిశాక. మా వైపు పళ్ళని పండ్లు అనే అంటాం.

నోరు తెరవమని టార్చి వేసి చూశాను. పళ్ళ మీద ఎక్కడా పుచ్చు లేదు. కానీ చిగురు దగ్గర, పన్ను మొదట్లో, పై వరసలో ఆరేడు పళ్ళకు అడ్డంగా గాట్లు. చెట్టు కొట్టడానికి మొదట్లో గొడ్డలితో వేసిన గాటు చూసుంటారు కదా, సరిగ్గా అట్లా ఉన్నాయి. గోరు పెడితే గోరు దిగుతుంది. ఆ గాట్లు పురుగు తొలిచినవీ కావు, వయసుతో వచ్చినవీ కావు. ముప్పై ఏళ్ళుగా ఆయన వేలే ఒక్కో రోజూ కాస్త కాస్త చెక్కింది.

ఈ రోజు మీతో చెప్పాలనుకున్నది ఇదే. పళ్ళను పాడుచేసేవి అనగానే మనకు చాక్లెట్లు, పురుగులు గుర్తొస్తాయి. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది పళ్ళు పాడైంది శుభ్రం చేసుకోకపోవడం వల్ల కాదు. శుభ్రం చేస్తున్నామనుకుంటూ, మేలు చేస్తున్నామనుకుంటూ రోజూ చేసే పనుల వల్ల.

పంటి పైన కనిపించే తెల్లటి పొరను ఎనామిల్ అంటాం, అంటే పింగాణి. మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది అదే. అందులో నూటికి తొంభై ఆరు పాళ్ళు ఖనిజమే. గట్టిదే గానీ దానికో లోటుంది. చర్మం తెగితే మళ్ళీ కలుస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ మాత్రం ఒకసారి అరిగితే మళ్ళీ పుట్టదు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే ఒంట్లోంచి వెళ్ళిపోతాయి. పైగా నమిలే చోట రెండు మిల్లీమీటర్లకు పైగా ఉండే ఈ పొర, చిగురు దగ్గరికి వచ్చేసరికి పల్చబడి పల్చబడి కాగితంలా అయిపోతుంది. మనం గట్టిగా రుద్దేది కూడా సరిగ్గా అక్కడే.

మన కర్నూలు జిల్లా వాళ్ళకు గట్టిదనం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. తొలకరి చినుకు పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనం కనపడతారు. రాళ్ళ గట్టిదనాన్ని కొలవడానికి భూగర్భ శాస్త్రంలో ఒక కొలమానం ఉంది. అందులో వజ్రానిది పది. పొలాల్లో తెల్లగా మెరిసే పలుగురాయిది ఏడు. మన పంటి మీద పింగాణిది ఐదు. ఎక్కువ గట్టిది తక్కువ గట్టిదాన్ని గీస్తుంది, లెక్క అంతే. ఇటుకలో ఇసుక ఉంటుంది, ఇసుకలో ఉండేది పలుగురాయి నలుసులే. ఇటుక పొడితో పళ్ళు తోముకునేవాళ్ళు ఏడుతో ఐదును గీస్తున్నారు. వరి ఊక కాల్చిన బూడిదలోనూ ఇసుకలో ఉండే సిలికాయే. పిడక కాల్చిన కచ్చిక కూడా మెత్తగా కనపడుతుంది గానీ గాజు మీద రుద్ది చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. పెద్దవాళ్ళు కచ్చికతోనే తోముకుని ఎనభై ఏళ్ళు బతికారు కదా అంటారు. బతికారు. వాళ్ళ పళ్ళు చూసే అవకాశం నాకు దొరికింది. నమిలే పళ్ళు బల్లలా చదునుగా అరిగిపోయి, చాలామంది సంగటి ముద్ద మింగడమే తప్ప జొన్నరొట్టె కొరకలేకపోయేవారు.

బొగ్గుకు ఈ మధ్య మళ్ళీ గిరాకీ వచ్చింది. నల్లటి ట్యూబుల్లో చార్‌కోల్ పేస్టని, వందలు పెట్టి కొంటున్నారు. అమెరికా డెంటల్ అసోసియేషన్ పత్రికలో 2017లో ఇలాంటి బొగ్గు పేస్టుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ పరిశీలించి ఒక వ్యాసం వేశారు. తెల్లబరుస్తాయనడానికి గానీ, హాని చేయవనడానికి గానీ తగిన ఆధారం లేదని అందులో తేల్చారు. పొయ్యిలో బొగ్గయినా ట్యూబులో బొగ్గయినా పంటికి తేడా తెలియదు.

ఆ రైతు విషయంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. "ఎందుకంత గట్టిగా రుద్దుతావు నాయనా?" అని అడిగితే, "పచ్చగా అయితాండాయి సార్, ఎంత రుద్దినా తెల్లగా రావు" అన్నాడు. ఎనామిల్ కింద డెంటిన్ అనే మరో పొర ఉంటుంది. దాని సహజమైన రంగే పసుపు. పైన తెల్ల పొర అరిగేకొద్దీ లోపలి పసుపు బయటికి కనపడుతుంది. పసుపు కనపడిందని ఇంకా గట్టిగా రుద్దుతాం. రుద్దేకొద్దీ ఇంకా పచ్చబడుతుంది. డెంటిన్‌లో సన్నటి గొట్టాలుంటాయి, అవి లోపలి నరం దాకా పోతాయి. పైపొర పోయాక చల్లనీళ్ళు, గాలి, తీపి, అన్నీ ఆ గొట్టాల గుండా నేరుగా నరాన్ని తాకుతాయి. ఆయన చెంప పట్టుకున్నది అందుకే.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక పెద్ద కథ చెప్పాలి.

శ్రీశైలం నుంచి ఘాట్ రోడ్డు దిగి దోర్నాల మీదుగా మార్కాపురం, పొదిలి, దర్శి, కనిగిరి వైపు పోయినవాళ్ళు గమనించే ఉంటారు. ఆ ఊళ్ళలో బడి పిల్లలు నవ్వితే ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు, సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు కనిపిస్తాయి. అది మురికి కాదు. పాచీ కాదు. తాగే నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్.

1937లో, ఇవన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు హెచ్.ఇ. షార్ట్, ఆయనతో పాటు సి.జి. పండిట్, రాఘవాచారి వంటి వైద్యులు, శాస్త్రజ్ఞులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి వైపు గ్రామాల మీద పరిశోధనలు ప్రకటించారు. వెన్ను వంగిపోయి, మెడ తిరగక, కీళ్ళు బిగుసుకుపోయిన మనుషుల్ని ఊరి జనం వాతమనుకునేవారు. దానికి కారణం బావి నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ అని వాళ్ళు తేల్చారు. మన దేశంలో ఈ జబ్బును మొట్టమొదట గుర్తించింది అక్కడే. ఎముకల కన్నా ముందు సాక్ష్యం చెప్పేది పళ్ళే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద మచ్చలు వస్తాయి.

సరిగ్గా ఇలాంటి మచ్చల వెంటే అమెరికాలో ఒక పళ్ళ డాక్టరు ముప్పై ఏళ్ళు తిరిగాడు. ఆయన పేరు ఫ్రెడరిక్ మెకే. 1901లో కొలరాడో రాష్ట్రంలో ఒక ఊళ్ళో వైద్యం మొదలుపెట్టినప్పుడు అక్కడే పుట్టి పెరిగిన చాలామంది పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఉండడం చూశాడు. నీళ్ళలో ఏదో ఉందని అనుమానించాడు గానీ అదేమిటో తేల్చలేకపోయాడు. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ నీళ్ళను పరీక్షించి ఫ్లోరైడ్‌ను పట్టుకున్నాడు. ఆరేళ్ళు తిరిగేసరికి అదే దోషి మన పొదిలి, దర్శి, కనిగిరి ఊళ్ళలో దొరికింది.

ఫ్లోరైడ్ మచ్చ ఎప్పుడు పడుతుందో తెలిస్తే మన అలవాట్లలో తప్పేమిటో అర్థమవుతుంది. పన్ను దవడ లోపల ఉండి ఇంకా తయారవుతున్నప్పుడు, అంటే పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ వయసు దాకా తాగిన నీళ్ళే ఆ మచ్చను నిర్ణయిస్తాయి. పన్ను బయటికి వచ్చేటప్పటికే మచ్చ దాని ఒంట్లో ఉంటుంది. కుండ కాల్చకముందు మట్టిలో కలిసిన రంగు లాంటిది. కాల్చిన కుండను తోమితే ఆ రంగు పోతుందా?

కానీ తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదు. బిడ్డ సరిగ్గా తోముకోవడం లేదని తిడతారు. ఉప్పు ఇస్తారు, ఇటుక పొడి ఇస్తారు, ఈ మధ్య గిన్నెలు తోమే పీచుతో రుద్దుకున్న పిల్లను కూడా చూశాను. ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. మాట్లాడేటప్పుడు ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. నవ్వాల్సి వస్తే తల పక్కకు తిప్పేసేది. తరగతిలో "పాచిపళ్ళు" అని పిలుస్తారట. రోజుకు మూడుసార్లు తోముకుంటానంది. నోరు చూస్తే అంత శుభ్రమైన నోరు ఆ వారంలో నేను మరొకటి చూడలేదు. చిగుళ్ళు మాత్రం ఒరుసుకుపోయి రక్తం కారుతోంది. ఫ్లోరైడ్ ఎక్కువగా పట్టిన పంటి పైపొర గుల్లగా ఉంటుంది, అందులో మామూలు పంటికి ఉండే బలం ఉండదు. దాన్ని పీచుతో రుద్దితే పెళ్ళలుగా రాలుతుంది.

ఈ ప్రసంగం వింటున్న తల్లిదండ్రులకు, ముఖ్యంగా బడిలో పాఠాలు చెప్పే అయ్యవార్లకు, చేతులు జోడించి చెబుతున్నాను. మచ్చలున్న బిడ్డను మురికిది అనకండి. ఆ మచ్చ తీయడానికి పళ్ళ డాక్టర్ల దగ్గర పద్ధతులున్నాయి. పైన పల్చగా పూత వేయవచ్చు, మందుతో రంగు తగ్గించవచ్చు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఇటుక పొడితో మాత్రం ఈ జన్మకు పోదు.

తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా అని మన దేశపు ప్రమాణం. మీ బోరు నీళ్ళను ఒక్కసారైనా పరీక్ష చేయించండి. కాచి తాగితే చాలనుకుంటారు చాలామంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరై పోదు. నీళ్ళు తగ్గి అదే ఎక్కువవుతుంది. వాన నీళ్ళు, నది నీళ్ళు మేలు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్ళను నల్లమల కొండల కింద దాదాపు పందొమ్మిదేసి కిలోమీటర్ల రెండు సొరంగాలతో అవతలికి తీసుకుపోవాలన్న వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశాల్లో ఈ ఫ్లోరైడ్ ఊళ్ళకు తాగునీళ్ళివ్వడం ఒకటి. పాతాళగంగలో మనం మునకేసే నీళ్ళు కొండ దాటి కనిగిరి పాలసీసాల్లోకి చేరితే, అక్కడ పుట్టబోయే బిడ్డల నవ్వు మారుతుంది. ఆ రోజు కోసం నేను నిజంగా ఎదురుచూస్తున్నాను.

మరి ఎలా తోముకోవాలి? మెత్తటి కుచ్చులున్న బ్రష్, శెనగ గింజంత పేస్టు, రెండు నిమిషాలు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత చాలు, ఆరేళ్ళ దాకా మింగకుండా ఉమ్మేలా పక్కన నిలబడి చూడాలి. బ్రష్‌ను పెన్ను పట్టుకున్నట్టు వేళ్ళతో పట్టుకోండి. పిడికిలి బిగిస్తే బలం ఎక్కువవుతుంది. కొన్న నెలకే కుచ్చులు విచ్చుకుపోయాయంటే మీరు పళ్ళు తోమడం లేదు, గీరుతున్నారు. వేపపుల్ల, కానుగపుల్ల వాడేవాళ్ళను మానమని నేను చెప్పను. సున్నిపెంట దగ్గర గూడెంలో ఒక చెంచు పెద్దాయన పుల్ల వేసుకోవడం చూశాను. కొసను నిదానంగా నమిలి, కుంచెలా మెత్తగా అయ్యేదాకా ఆగి, అప్పుడు చిగురు మీంచి పంటి కొసకు, పై నుంచి కిందికి దువ్వినట్టు లాగాడు. ఎక్కడా అడ్డంగా రుద్దలేదు. మనం నమలకుండానే, గట్టి పుల్లతో అడ్డంగా తోసేస్తాం.

రాత్రి తోముకోవడం గురించి ఒక్క మాట. పగలంతా లాలాజలం పళ్ళను కడుగుతూనే ఉంటుంది. నిద్రలో అది దాదాపు ఊరదు. అందుకే పొద్దున ఒక్కసారి తోముకునేవాళ్ళు నన్నడిగితే, ఒక్కసారే అయితే అది రాత్రి పెట్టుకోండని చెబుతాను.

ఇక పళ్ళను పనిముట్లుగా వాడుకోవడం.

శ్రీశైలంలో గుడి ముందు వీధిలో పూలమ్మే ఒకామె ఉంది. కనకాంబరాలు, మల్లెలు, బిల్వదళాలు వరసగా కడుతుంది. మూర పూర్తి కాగానే దారాన్ని నోటి దగ్గరికి తీసుకుని ముందు పన్నుతో టక్కున తెంపుతుంది. శివరాత్రి రద్దీలో రోజుకు వందలసార్లు తెంపుతుంది. ఒకసారి పూలు కొంటూ ఆమె నవ్వుతుంటే చూశాను. పై ముందు పన్ను కొస మీద చిన్న గాడి, సరిగ్గా దారం పట్టేంత. బావి గిలక మీద తాడు పడే చోట ఉంటుంది చూడండి, అలాంటిది. మెత్తటి దారం అంత గట్టి పంటిని కోసింది. దర్జీల పళ్ళలోనూ ఇదే గాడి కనిపిస్తుంది. మేకులు నోట్లో పట్టుకుని పనిచేసే వడ్రంగుల్లో, జడపిన్నులు పళ్ళతో విప్పే ఆడపిల్లల్లో కూడా చూశాను.

"కత్తెర పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాను. "కత్తెర తీసి, కత్తిరించి, మళ్ళీ పెట్టేలోపల ఇంకో మూర కట్టేస్తా సామీ" అంది. ఆమె చెప్పింది నిజమే. కూలి లెక్క మూరల్లో ఉన్నప్పుడు కత్తెర తీసే సమయం కూడా డబ్బే. అందుకని వేరే దారి చెప్పాను. కూర్చునే చెక్క అంచుకు పాత బ్లేడు ముక్క ఒకటి మేకుతో బిగించుకుంటే, దారం దాని మీద ఆనించి లాగితే చాలు, చెయ్యి కదిలినంతలోనే తెగుతుంది. పక్కన పూలమ్మేవాళ్ళు కొందరు ఇప్పుడు అలాగే చేస్తున్నారు. చేసేవాళ్ళకు వీలుగా లేని జాగ్రత్త ఎంత మంచిదైనా నిలవదని నాకు ఆమె దగ్గరే తెలిసింది.

సోడా సీసా మూతలు పళ్ళతో తీయడం, టెంకాయ పీచు పళ్ళతో లాగడం, మగతనం చూపించుకోవడానికి చెరకు గడ పొడుగునా పళ్ళతోనే ఒలవడం, ఇవన్నీ కుర్రవయసులో సరదాలు. పన్ను ఆ రోజే విరగదు. కంటికి కనపడని సన్నటి చీలిక పడుతుంది. పదేళ్ళ తర్వాత ఒక రోజు కొర్ర అన్నంలో చిన్న రాయి తగిలినప్పుడు నిలువునా రెండుగా చీలుతుంది. చీలిన పన్నును చాలాసార్లు పీకడం తప్ప దారి ఉండదు. వేయించిన చింతపిక్కలు మన వైపు పిల్లలకు, పెద్దలకు ఎంత ఇష్టమో నాకు తెలుసు, నానబెట్టి తినండి. వక్కను పళ్ళతో కొరకకండి. అడకత్తెరలో పోకచెక్క అని మన పెద్దలు సామెత చేశారంటే ఆ పనికి అడకత్తెర ఉందనే కదా.

బలపాలు తినే పిల్లల సంగతి కూడా చెప్పాలి. మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దిన ప్రాంతం మనది. బలపం కొరుక్కు తినే బిడ్డ, పచ్చి బియ్యం బుక్కే ఆడబిడ్డ మన ఇళ్ళలో కొత్త కాదు. బలపం పంటిని అరగదీస్తుందన్నది ఒక ఎత్తు. దాని వెనక చాలాసార్లు రక్తహీనత ఉంటుంది. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు మట్టి, సున్నం, బియ్యం తినాలనిపిస్తుంది. కొట్టకండి. రక్తపరీక్ష చేయించండి.

మీరు ఇప్పుడు ఈ ప్రసంగం వింటూ ఒక పని చేయండి. నోరు బాగా తెరిచి, చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరపు వేలు మూడూ కలిపి నిలువుగా పళ్ళ మధ్య పెట్టి చూడండి. మామూలు మనిషికి మూడూ పడతాయి. రెండే పడుతున్నాయంటే, మీకు వక్కపొడి, గుట్కా అలవాటుందంటే, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి పొండి. వక్క చెంప లోపలి చర్మాన్ని తోలులా బిగించేస్తుంది. కారం తగిలితే మండుతుంది, ఆ తర్వాత నోరు తెరుచుకోదు. పొగాకు లేని వక్క కూడా క్యాన్సర్ తెచ్చేదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో అచ్చయిన నివేదికలో చెప్పింది. తాంబూలంలో ఒక పలుకు వేసుకోవడం వేరు, పొద్దస్తమానం చెంపలో పెట్టుకుని ఊరబెట్టడం వేరు. నశ్యం పళ్ళకు రుద్దుకునే అవ్వలు ఇంకా ఉన్నారు. పంటి నొప్పికి మొదలై, అలవాటుగా మారి, చివరికి అదే లేకుండా పొద్దు గడవని స్థితి. పళ్ళపొడుల్లో, పేస్టుల్లో పొగాకు కలపకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. చట్టం డబ్బాలోకి పొగాకు రాకుండా ఆపగలదు గానీ, కొంగు ముడిలో ఉన్న నశ్యం డబ్బీని ఇంట్లోవాళ్ళే ఆపాలి.

తీపి గురించి. స్వామివారి లడ్డూ తినొద్దని నేనెందుకు చెబుతాను? ఎంత తిన్నామన్నది కాదు, ఎన్నిసార్లు తిన్నామన్నది పంటికి లెక్క. 1945 తర్వాత కొన్నేళ్ళ పాటు స్వీడన్‌లో విపెహోల్మ్ అనే మానసిక వైద్యశాలలో రోగులకు రకరకాలుగా తీపి పెట్టి చూశారు. తమ మీద ఏం జరుగుతోందో తెలియని నిస్సహాయుల మీద చేసిన ఆ పని అన్యాయం, ఈ రోజు ఎవరూ ఒప్పుకోరు. దాని నుంచి తెలిసింది మాత్రం, అన్నంతో పాటు తిన్న తీపి కన్నా మధ్య మధ్యలో తిన్న, పంటికి అతుక్కునే తీపి పళ్ళను ఎన్నో రెట్లు పుచ్చబెడుతుందని. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని క్రిములు పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపు తగ్గడానికి దాదాపు అరగంట పడుతుంది. లడ్డూ ఒక్కసారి కూర్చుని తిని నీళ్ళు పుక్కిలిస్తే అరగంటతో సరి. సంచిలో పెట్టుకుని ఘాట్ రోడ్డు పొడుగునా చిటికెడు చిటికెడు నోట్లో వేసుకుంటే, దోర్నాల చేరేదాకా నోరు పులుపులోనే నానుతుంది. చక్కెర వేసిన టీ రోజుకు ఎనిమిది సార్లు తాగేవాళ్ళదీ ఇదే లెక్క. ఎండలో తిరిగి నిమ్మకాయ సోడా, కూల్‌డ్రింకు తాగినప్పుడు ఆ పులుపుకు పైపొర కాసేపు మెత్తబడుతుంది. వెంటనే బ్రష్ వేస్తే ఆ మెత్తబడిన పొర ఊడొస్తుంది. నీళ్ళతో పుక్కిలించి, అరగంట ఆగి తోముకోండి. నిమ్మచెక్కను తెల్లబడతాయని పళ్ళకు రుద్దే చిట్కా ఒకటి ఫోన్లలో తిరుగుతోంది, దయచేసి చేయకండి.

ఇక పంటి నొప్పి సంగతి. పులుల అడవి కాబట్టి రాత్రి 9 దాటితే శ్రీశైలం నుంచి దోర్నాల దారిలో మామూలు బండ్లను పోనివ్వరు. అలాంటి రాత్రి పన్ను నొప్పి లేస్తే కొండ మీద మనిషి ఏం చేస్తాడు? నొప్పి మాత్రను నలిపి పంటి పక్కన పెట్టుకున్నాయన మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. చిగురు, చెంప లోపల తెల్లగా ఉడికినట్టు కాలి ఉన్నాయి. నొప్పి ఎక్కడిదక్కడే ఉంది, పైన పుండు ఒకటి. మాత్ర మింగాల్సిందే గానీ చిగురుకు పెట్టకూడదు. పెట్రోలు, సున్నం, బ్యాటరీ నీళ్ళు, ఇవన్నీ పెట్టుకున్నవాళ్ళను చూశాను. చెంప వాచినప్పుడు వేడి కాపడం పెట్టకండి, చీము పాకుతుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించి, పైన చల్లటి గుడ్డ వేసి, తెల్లారగానే బయల్దేరండి. జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే, గొంతు కింద వాపు దిగితే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అప్పుడు 108కి ఫోన్ చేయండి.

చివరిగా పిల్లల సంగతి, ఇది వినకుండా రేడియో కట్టేయకండి.

పాలసీసాలో చక్కెర వేసి, అది నోట్లో ఉండగానే బిడ్డను నిద్రపుచ్చుతారు. రాత్రంతా పాలు ముందు పళ్ళ చుట్టూ నిలిచి ఉంటాయి. రెండేళ్ళు నిండేసరికి పై పళ్ళు నల్లటి మోళ్ళలా మిగులుతాయి. నల్లమలలో తేనెకు కొదవ లేదు కాబట్టి పాలపీకకు తేనె రాసి ఇచ్చే అలవాటు మన దగ్గర ఉంది. పంటికి అదీ చక్కెరే. పైగా ఏడాది లోపు బిడ్డకు తేనె పెట్టడం ప్రాణానికే ప్రమాదం కావచ్చు.

"పాలపళ్ళే కదా, ఊడిపోతాయి" అంటారు. పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. ఆ కాలమంతా కింద పెరిగే పన్నుకు చోటు కాపాడేది అవే. ఇంకా ముఖ్యమైంది ఒకటి ఉంది. ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే, వెనకాల నిశ్శబ్దంగా ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. ముందు నడిమి పన్ను నుంచి లెక్కపెడితే ఆరోది. అది పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సిన పన్ను, నమలడంలో ఎక్కువ భారం మోసేదీ అదే. అందరూ పాలపన్నని వదిలేస్తారు. తొమ్మిదేళ్ళకే దాన్ని పీకించుకోవాల్సి వచ్చిన పిల్లలు నా దగ్గరికి వారానికొకరైనా వస్తారు.

ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లో ఆరు, ఏడేళ్ళ బిడ్డ ఉంటే ఒళ్ళో పడుకోబెట్టుకోండి. నోరు తెరవమని ఫోన్ టార్చి వేసి, నడిమి పన్ను నుంచి ఒకటి, రెండు, మూడు అని వేలితో లెక్కపెట్టండి. నాలుగు దిక్కులా ఆరో పన్ను వచ్చిందేమో, దాని మీది గాళ్ళలో నల్ల చుక్క ఉందేమో చూడండి. ఉంటే ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. ఆ దశలో చిన్న సిమెంటుతో పని అయిపోతుంది, సూది కూడా అక్కర్లేదు. లేకపోయినా చూపించండి, ఆ గాళ్ళను పుచ్చు పట్టకుండా ముందే పూడ్చే మందు ఉంది.